నీటిమట్టం ముందు, పూలదండలు తరువాత

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెప్పుకుని సమాధానంలోకి వస్తాను. గోదావరి డెల్టాలోని ఒక విశ్వవిద్యాలయంలో మీరు కొత్తగా పౌరసంబంధాల బాధ్యత తీసుకున్నారు. ఉపకులపతి (వీసీ) సంతకంతో ఆరు నెలలకోసారి విద్యార్థులకు, తల్లిదండ్రులకు, సిబ్బందికి, పూర్వ విద్యార్థులకు వెళ్లే లేఖను ఇకమీదట మీరే రాసిపెట్టాలి. ప్రాంగణంలోని ఇబ్బందులు, సాధించిన విజయాలు, జరిగిన కార్యక్రమాలు, మూడూ అందులో ఉండాలన్నారు. ఇబ్బందులు రాస్తే పరువు పోతుందని ఒక డీన్ గారు, రాయకపోతే ఎవరూ నమ్మరని ఇంకొక డీన్ గారు. ఎవరి మాట వినాలన్నది మీ సందేహం.

రెండో ఆయన మాట వినండి. అయితే ఆయన చెప్పిన కారణం సగమే నిజం. నమ్మకం సంగతి తరువాత, ముందు ఆ లేఖతో చదివేవాళ్లకు పని ఉంటుంది. పిల్లను హాస్టల్లో ఉంచాలా, ఇంటికి తెచ్చుకోవాలా? ఫీజు ఇప్పుడు కట్టాలా, ఆగాలా? మార్కుల జాబితా వచ్చేలోగా ఉద్యోగానికి దరఖాస్తు చేయవచ్చా? ఇటువంటి ప్రశ్నలతో మనుషులు ఆ కాగితం తెరుస్తారు. జవాబు దొరక్కపోతే మూసేస్తారు, మళ్లీ తెరవరు.

నేను విశ్వవిద్యాలయ కార్యాలయంలో 29 ఏళ్లు పనిచేసి విరమణ పొందాను. చివరి 9 ఏళ్లు వీసీ గారి పేషీలోనే గడిచాయి. ముగ్గురు వీసీలకు ఇవే లేఖలు రాసిపెట్టాను. మొదట్లో రాసినవి ఇప్పుడు తీసి చదివితే నాకే సిగ్గేస్తుంది. ‘దినదినాభివృద్ధి చెందుతూ’, ‘అహర్నిశలు శ్రమిస్తూ’, ‘అన్ని రంగాల్లోనూ అగ్రగామిగా నిలుస్తూ’. సంవత్సరం ఒక్కటీ మార్చి పాత లేఖనే మళ్లీ పంపినా ఎవరికీ తేడా తెలిసేది కాదు. ఒకసారి టైపిస్టు పొరపాటున అలాగే వెళ్లింది కూడా. ఒక్కరూ ఫోను చేయలేదు.

రాయడం నాకు ఎవరు నేర్పారంటే, వరద బులెటిన్ నేర్పింది. మన వైపు జులై, ఆగస్టు నెలల్లో ఏ టీకొట్టు దగ్గర నిలబడినా వినిపించే లెక్కలు మీకూ తెలుసు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. బడికి వెళ్లనివాళ్లు కూడా ఈ అంకెలు తడుముకోకుండా చెబుతారు. బులెటిన్‌లో ఏముంటుంది? ఇన్ని గంటలకు ఇన్ని అడుగులు, సముద్రంలోకి ఇన్ని లక్షల క్యూసెక్కులు వదులుతున్నారు, మట్టం పెరుగుతోంది లేదా తగ్గుతోంది. అంతే. ‘గోదారమ్మ ఉగ్రరూపం’ వంటివి మర్నాటి పత్రికల పని. లంకలో, అంటే నది మధ్య దీవిలో ఉన్న రైతు ఆ మూడు ముక్కలు విని గేదెలను గట్టు మీదికి తోలాలా వద్దా అన్నది తేల్చుకుంటాడు. అంత కీడు కబురు మోసుకొచ్చే కాగితాన్ని చూసి నీటిపారుదల శాఖ పరువు పోయిందని ఎవరూ అనగా నేను వినలేదు. బులెటిన్ రాకపోతే మాత్రం తిట్టుకుంటారు.

ఈ పాఠం నాకు ఊరికే రాలేదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వెళ్లింది. 1986 వరద చూసినవాళ్లు కూడా గట్ల వైపు భయంగానే చూశారు. మాకు అప్పుడు సెమిస్టర్ పరీక్షలు నడుస్తున్నాయి. వాయిదా వేయక తప్పదని సాయంత్రానికి తేలింది. సర్క్యులర్ నేనే రాశాను. ‘అనివార్య కారణాల వల్ల పరీక్షలు వాయిదా వేయడమైనది. తదుపరి తేదీలు త్వరలో తెలియజేయబడతాయి.’ రెండు వాక్యాలు, రెండు నిమిషాల పని. పరీక్షల కంట్రోలర్ గారి సంతకం కూడా అయిపోయింది.

మర్నాడు పొద్దున ఆరున్నరకు పేషీ ఫోను మోగింది. లంక గ్రామం నుంచి ఒక తండ్రి. కాజ్‌వే మునగడంతో కూతుర్ని ముందురోజే పడవలో ఇవతలి ఒడ్డుకు దించి, పరీక్ష తప్పకూడదని పట్నంలో బంధువుల ఇంట్లో పెట్టాడట. ఆయన అడిగింది ఒకటే. ‘‘సార్, త్వరలో అంటే మూడు రోజులా, మూడు వారాలా? మా ఊరి మీదికి నీళ్లు ఎక్కుతున్నాయి. పడవ ఇంకొక్కసారే తిరుగుతుందంటున్నారు. అమ్మాయిని అక్కడే ఉంచమంటారా, తెచ్చేసుకోమంటారా?’’

నా దగ్గర సమాధానం లేదని చెబితే అబద్ధమే అవుతుంది. సమాధానం ఫైల్లో ఉంది. మా పరీక్షా కేంద్రాల్లో మూడింటిని పునరావాస కేంద్రాలుగా తీసుకున్నారు, పది రోజుల లోపు పరీక్షలు జరిగే ప్రశ్నే లేదని కంట్రోలర్ గారు ముందురోజే నోట్ పెట్టారు. ఆ ముక్క సర్క్యులర్‌లోకి రాలేదు. ఎందుకు రాలేదంటే, పది రోజులని రాసి పన్నెండయితే మాట పడుతుందేమోనని. మా భయం మాది, ఆ తండ్రి పడవ ఆయనది. ‘అనివార్య కారణాల వల్ల’ అన్న మాట ఆ రోజు తరువాత నా చేతి నుంచి వెళ్లిన ఏ కాగితంలోనూ లేదు. మీరూ దాన్ని వదిలేయండి. కారణం వరద అయితే వరద అనండి. మూల్యాంకనం చేసేవాళ్లు దొరక్క ఫలితాలు ఆలస్యమైతే ఆ మాటే రాయండి.

ఇప్పుడు పనిలోకి వద్దాం. మీరు రాసిన ఇబ్బందుల జాబితాలో వేసవిలో అమ్మాయిల హాస్టల్ తాగునీటి సంగతి ఉంది. మామూలుగా పేషీలో దాన్ని ఇలా రాస్తారు: ‘వసతిగృహంలో తాగునీటి సమస్య మా దృష్టికి వచ్చినది. పరిష్కారానికి యుద్ధప్రాతిపదికన చర్యలు తీసుకోబడుతున్నాయి.’

ఇందులో ఎవరు ఏం చేస్తున్నారో కనబడదు. ‘బడు’ చేరిన వాక్యంలో కర్త గోడ వెనక దాక్కుంటాడు. చర్యలు తీసుకోబడుతున్నాయట, తీసుకుంటున్నది ఎవరు? నేనైతే ఇలా రాస్తాను, వివరాలు మీవి వేసుకోండి:

‘ఏప్రిల్‌లో కాలువలు కట్టేసేలోగా మన మంచినీటి చెరువును పూర్తిగా నింపుకోలేకపోయాం. పూడిక తీత ఫిబ్రవరిలో మొదలుపెట్టవలసింది, టెండరు ఆలస్యంగా పిలిచినందువల్ల మార్చి చివరికి గాని మొదలుకాలేదు. ఆ ఆలస్యం మా కార్యాలయానిదే. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నందువల్ల స్నానానికి, బట్టలకు మాత్రమే వాడుతున్నాం. తాగడానికి, వంటకు రోజూ ఉదయం 6 గంటలకు ఒక ట్యాంకరు, సాయంత్రం 4 గంటలకు ఒక ట్యాంకరు వస్తాయి. జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలి, చెరువు నిండేవరకు ఇదే ఏర్పాటు. ట్యాంకరు రాని రోజున వార్డెన్‌కు చెప్పండి, గంటలో జవాబు లేకపోతే రిజిస్ట్రార్ కార్యాలయానికి ఫోను చేయండి.’

డెల్టాలో ఈ పేరా చదివిన ఏ తల్లికీ విడమరిచి చెప్పే అవసరం ఉండదు. వేసవిలో నీళ్లు ఆపి కాలువ కట్టేశారంటే ఏమిటో, సముద్రం వైపు పోయేకొద్దీ బోరు నీళ్లు నోట పెట్టుకోలేమన్నదీ ఆమెకు మనకంటే బాగా తెలుసు. ఆమెకు కావలసింది ట్యాంకరు వేళ, ఇబ్బంది తీరే నెల, ఫోను ఎత్తే మనిషి. ‘ఆలస్యం మా కార్యాలయానిదే’ అన్న వాక్యం మీద మీ మొదటి డీన్ గారు ఎర్ర సిరా పెడతారు. పెట్టనివ్వండి, తరువాత వీసీ గారి దగ్గర మళ్లీ అడగండి. ఆ ఒక్క వాక్యం ఉండబట్టి మిగతా ఆరు వాక్యాలను నమ్ముతారు. మా వీసీల్లో ఒకాయన రాయలసీమ నుంచి వచ్చారు. మొదటి వేసవిలో మేం రాసిన ఇటువంటి ముసాయిదానే చదివి ‘‘గోదావరి ఒడ్డున కూర్చుని ట్యాంకరు కోసం ఎదురుచూడటం ఏమిటయ్యా!’’ అని ఆశ్చర్యపోయారు. జీపెక్కించి ఎండిన కాలువ చూపించాం. తప్పు మాదేనన్న వాక్యం జోలికి ఆయన రాలేదు.

అన్ని ఇబ్బందులూ ఇలా మన చేతిలో ఉండవు. అధ్యాపకుల ఖాళీలు, గ్రాంటు, ప్రభుత్వం నుంచి రావలసిన ఫీజు బకాయిలు వేరే రకం. వీటి గురించి రాసేటప్పుడు గొంతు పెంచకండి. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు కులపతి గవర్నరు, జీతాలకు నిధులు ఇచ్చేది ప్రభుత్వం. వీసీ సంతకంతో ఫిర్యాదు వెళితే మర్నాడు అది పత్రికలో పెద్దక్షరాలవుతుంది, ఖాళీలు మాత్రం ఖాళీలుగానే ఉంటాయి. దాచిపెట్టడమూ పనికిరాదు, విద్యార్థికి తన తరగతి గదిలో ఎవరూ లేరని తెలియదా? మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని, మిగతా పాఠాలు ఈ సంవత్సరం ఎవరు చెబుతున్నారు, ఈ మూడూ ఒక వాక్యంలో చెప్పి వదిలేయండి.

కాంట్రాక్టు అధ్యాపకులను, గెస్టు ఫ్యాకల్టీని ఆ వాక్యంలో మరిచిపోకండి. మా లేఖ ఒకటి ‘మన అధ్యాపకులు’ అని రెగ్యులర్ వాళ్ల సంఖ్య మాత్రమే వేసి వెళ్లింది. ఆ వారం కారిడార్లలో నడవాలంటే నాకు మొహం చెల్లలేదు. సగానికి పైగా తరగతులు మోస్తున్నవాళ్లు లెక్కలో లేరు మరి! లేఖను అందరికంటే ముందు, అందరికంటే శ్రద్ధగా చదివేది మన సిబ్బందే. తల్లిదండ్రులు తమకు పనికొచ్చే పేరా వెతుక్కుంటారు, సిబ్బంది తమ పేరు లేని చోటు వెతుక్కుంటారు.

ఫీజు బకాయిల విషయంలో ఒక జాగ్రత్త. డబ్బు రాలేదని విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపి ఉంచకూడదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లోనే స్పష్టంగా చెప్పింది. మీ అనుబంధ కళాశాలల్లో ఎక్కడైనా ఆపుతున్నారని తెలిస్తే, లేఖలో ఆ నియమాన్ని ఒక వాక్యంగా పెట్టండి. ఏ కళాశాల పేరూ రాయనక్కర్లేదు, చేరవలసినవాళ్లకు చేరుతుంది.

మీరు అడగలేదు గాని, అడగవలసిన మాట ఒకటుంది. ఆ ఆరు నెలల్లో ప్రాంగణంలో ఒక విద్యార్థి చనిపోయి ఉంటే ఏం చేయాలి? కుటుంబం అనుమతి లేకుండా పేరు రాయకండి. ఎలా, ఎందుకు అన్నవి అసలు రాయకండి. ‘వ్యక్తిగత కారణాలు’, ‘మానసిక బలహీనత’ వంటి మాటలు ఆ ఇంటివాళ్ల గుండెలో దిగుతాయి, పక్క గదిలో అదే బాధలో ఉన్న ఇంకొకరికి దారి చూపిస్తాయి. మన విద్యార్థుల్లో ఒకరిని కోల్పోయాం, స్నేహితులతో మాట్లాడటానికి ఫలానా గదిలో ఫలానా వేళల్లో మనిషి ఉన్నారు, రాత్రయినా పగలైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఇంతవరకే. ర్యాగింగ్ గురించిన పేరా ఉంటే ర్యాగింగ్ వ్యతిరేక సహాయవాణి 1800-180-5522 నంబరు కూడా వేయండి. ఇటువంటి పేరా కిందనే క్రికెట్ కప్పు ఫొటో రాకుండా పుట కూర్పు మీరే దగ్గరుండి చూసుకోవాలి. నేను ఒకసారి చూసుకోలేదు.

విజయాల దగ్గరికి వస్తే చేయి జారేది ఇక్కడే. విశ్వవిద్యాలయాల నాణ్యతను మదింపు చేసే న్యాక్ సంస్థ నుంచి గ్రేడు వచ్చిందనుకోండి. 4కు 3.26 నుంచి 3.50 వరకు వస్తే ఏ ప్లస్, 3.51 నుంచి పైన వస్తే ఏ డబుల్ ప్లస్ అన్న లెక్క ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసు? గ్రేడు రాయండి, వెంటనే దానివల్ల విద్యార్థికి ఏం మారిందో రాయండి. ఏమీ మారకపోతే గ్రేడు ఒక్క వాక్యంతో సరిపెట్టండి. కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో ‘పాల్గొన్నాం’ అన్నది విజయం కాదు, దరఖాస్తు. ఒప్పందాలూ అంతే. సంతకాలయ్యే రోజున రెండు శాలువాలు, ఒక ఫొటో ఉంటాయి. ఏడాది తరువాత ఆ ఒప్పందం కింద ఎంతమంది విద్యార్థులు ఎక్కడికి వెళ్లి ఏం నేర్చుకున్నారో చెప్పగలిగినప్పుడు రాయండి, అంతదాకా ఓపిక పట్టండి.

ఉద్యోగాల లెక్క ఇంకా జారుడు నేల. ఒకే విద్యార్థికి మూడు కంపెనీలు పిలుపు ఇస్తే మూడు ఉద్యోగాలుగా లెక్కవేయడం మామూలైపోయింది. చివరి ఏడాదిలో ఎంతమంది ఉన్నారు, ఎంతమంది ఉద్యోగం కోరుకున్నారు, ఎంతమందికి చేతికి ఉత్తర్వు వచ్చింది, ఈ వరసలో చెప్పండి. అత్యధిక జీతం ఒక్కరిది, దాన్ని పెద్దక్షరాల్లో వేసి మిగతావాళ్లను చిన్నబుచ్చడం ఎందుకు? అందరినీ జీతం వరసన నిలబెడితే సరిగ్గా మధ్యలో నిలిచే విద్యార్థి జీతం ఎంతో చెప్పండి. ఎన్ఐఆర్ఎఫ్ వాళ్లూ అడిగేది అదే.

పరిశోధన గురించి ఎలా రాయాలో చూపించడానికి మనకు దూరం పోనక్కర్లేదు. మారుటేరు వరి పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎంటీయూ 7029 రకాన్ని స్వర్ణ అంటారు, ఎంటీయూ అన్న అక్షరాలే ఆ ఊరి పేరులోంచి వచ్చాయి. ఎంటీయూ 1010కి కాటన్‌దొర సన్నాలు అని పేరు. రైతు ఆ పరిశోధన పత్రాలు చదవలేదు, విత్తనం చల్లాడు. తరువాత స్వర్ణలోకి ముంపును తట్టుకునే గుణాన్ని తెచ్చి స్వర్ణ సబ్-1 రూపొందించారు. ‘జన్యుపరంగా మెరుగుపరచిన వంగడం’ అని రాస్తే ఎవరూ ఆగి చదవరు. ‘రెండు వారాల దాకా నీట మునిగినా తేరుకునే వరి’ అని రాస్తే మన డెల్టాలో ఎవరైనా కళ్లజోడు సర్దుకుని చదువుతారు. మీ కెమిస్ట్రీ విభాగం రొయ్యల చెరువు నీటి మీద పని చేస్తుంటే, పత్రం అచ్చయిన జర్నల్ పేరు కంటే ముందు భీమవరం వైపు చెరువు రైతుకు అది దేనికి ఉపయోగపడుతుందో రాయండి. ఆచార్యులు నొచ్చుకుంటారు. జర్నల్ పేరు చివర పెడతామని చెప్పండి, ఊరుకుంటారు.

పూర్వ విద్యార్థుల సంగతి మన ప్రాంతంలో కొంచెం తిరకాసు. ఇక్కడ కళాశాలలు పాతవి, విశ్వవిద్యాలయాలు కొత్తవి. రాజమహేంద్రవరం ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల మూలాలు 1853 దాకా పోతాయి, ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వచ్చింది 2006లో. 1946లో మొదలైన కాకినాడ ఇంజినీరింగు కళాశాల 2008లో జేఎన్‌టీయూ కాకినాడ అయింది. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం పట్టాలే మన పెద్దవాళ్ల గోడల మీద వేలాడుతున్నాయి. కాబట్టి అరవై ఏళ్ల పెద్దమనిషికి ‘మన విశ్వవిద్యాలయం పూర్వ విద్యార్థి’ అని ఉత్తరం వెళితే ఆయనకు అర్థం కాదు. ఆయన కళాశాల పేరుతో పలకరించండి, ఆ కళాశాల ఇప్పుడు మన గొడుగు కింద ఉందని తరువాత చెప్పండి. ఈ చిన్న మార్పు చేశాక మాకు వచ్చిన జవాబులు చూసి వీసీ గారే నన్ను పిలిచి ఏం చేశావని అడిగారు.

వాళ్ల సమావేశం ఎప్పుడు పెట్టాలో లేఖలోనే ముందుగా చెప్పాలి. ఫిబ్రవరిలో పెడితే హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి ఎవరూ రారు. సంక్రాంతికి ఎలాగూ ఊరికి వస్తారు. అయితే కనుమనాడు మాత్రం వద్దు. ఆ రోజు కోనసీమ అంతా జగ్గన్నతోట ప్రభల తీర్థం జాతరలో ఉంటుంది, పదకొండు ఊళ్ల ప్రభలు తోటకు చేరతాయి, గంగలకుర్రు ప్రభలు కౌశిక పాయ నీళ్లలోంచి భుజాల మీద దాటుతాయి. మా అధికారి ఒకరు సరిగ్గా కనుమ మధ్యాహ్నం సన్నాహక సమావేశం వేసి, ఖాళీ కుర్చీలకు అధ్యక్షత వహించారు. ముక్కనుమనాడు ఉదయం పదింటికి పెట్టండి. భోజనాల్లోకి పూతరేకులు పెడుతున్నామని లేఖలోనే రాయండి, వచ్చేవాళ్లు పెరుగుతారు. కోడిపందేల బరి నుంచి మనుషుల్ని తిప్పి తేవడం మాత్రం మీ వల్ల కాదు, ప్రయత్నించకండి.

కార్యక్రమాల భాగంలో చాలా లేఖలు ఫొటో ఆల్బముల్లా ఉంటాయి. జ్యోతి ప్రజ్వలన, శాలువా, జ్ఞాపిక, సామూహిక ఛాయాచిత్రం. పన్నెండు కార్యక్రమాలకు పన్నెండు ఫొటోలు, అన్నింటిలో అవే ఐదు మొహాలు. ఒక్కటి తీసుకుని వివరంగా రాయండి, మిగతావి పేరు, తేదీతో పక్కన పెట్టండి. ఏది తీసుకోవాలంటే, అందరూ వెళ్లిపోయాక ఏదో ఒకటి మిగిల్చినదాన్ని. మా ఎన్ఎస్ఎస్ పిల్లలు ఒక లంక గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం చేశారు. అలవాటుగా మొక్కలు నాటారు, వీధులు ఊడ్చారు. వాటితోపాటు తెలుగు విభాగం అమ్మాయి ఒకరి ఆలోచనతో ఇల్లిల్లూ తిరిగి ఒక నోటుపుస్తకం నింపారు. మంచం దిగలేని పెద్దవాళ్లు ఏ ఇంట్లో ఉన్నారు, నెలలు నిండుతున్న గర్భిణులు ఎవరు, ఎవరి ఇంటి దాకా పడవ వస్తుంది, ఎవరిది రాదు. దాని నకలు గ్రామ సచివాలయంలో ఇచ్చి వచ్చారు. తరువాతి వరదకు ఆ ఊళ్లో పడవలు ముందు ఎటు వెళ్లాలో ఆ నకలు చూసి చెప్పారు. శిబిరం జరిగినప్పుడు మా లేఖలో వచ్చింది మొక్కలు నాటుతున్న ఫొటో. నోటుపుస్తకం ఊసే లేదు. రెండేళ్ల తరువాత ఒక వాలంటీరు చెబితే గాని నాకు తెలియలేదు. అందుకే చెబుతున్నాను, ప్రోగ్రాం ఆఫీసర్ పంపిన నివేదికతో సరిపెట్టుకోకుండా ఇద్దరు విద్యార్థులను పిలిపించి, టీ ఇచ్చి, ఏం జరిగిందో మాట్లాడించండి.

ఇంకో సంగతి, పుష్కరాలు 2027లో వస్తున్నాయి. 2015లో జులై 14 నుంచి 25 వరకు జరిగినప్పుడు మా హాస్టళ్లు కొన్ని బందోబస్తుకు వచ్చినవాళ్లకు ఇచ్చాం, తరగతులు సర్దుకున్నాం, వాలంటీర్లు ఘాట్ల దగ్గర ఉన్నారు. కొందరు తల్లిదండ్రులకు ఈ మాట ముందుగా చేరక, పిల్లలను దింపడానికి పెట్టెలతో వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. మీకు సమయం ఉంది. పుష్కరాలకు ముందు వెళ్లే లేఖలో సెలవులు ఎప్పటి నుంచి ఎప్పటి వరకో, ఏ హాస్టళ్లు మూస్తారో మొదటి పుటలోనే ఉండాలి.

పొడవు గురించి అడిగారు. రెండు పుటలు, మూడోది వద్దు. ముందు తెలుగులో రాయండి, ఇంగ్లిషు ప్రతి తరువాత వేరే మనిషితో రాయించండి. ఇంగ్లిషులో రాసి తెలుగులోకి మార్పిస్తే ‘బడు’లన్నీ తిరిగి వచ్చేస్తాయి. ప్రవేశాల కౌన్సెలింగు నడిచే రోజుల్లో పంపకండి, ప్రకటన అనుకుంటారు. సంక్రాంతికి వారం ముందు ఒకటి, జూన్ మొదటి వారంలో ఒకటి, నా అనుభవంలో ఇవి సరైన వేళలు. ముసాయిదాను కార్యాలయం బయటి మనిషికి ఒకరికి చదివి వినిపించండి. మా దగ్గర మెస్ నడిపే ఆయనకు వినిపించేవాణ్ని. ఆయన ‘‘అంటే ఏమిటండీ?’’ అన్న ప్రతి చోటా మార్చాను.

ఇక మీ మొదటి డీన్ గారి భయం. ఆయన్ను వాదించి గెలవలేరు. లేఖకు మొదటి పేరాగా ‘గత లేఖలో చెప్పినవి’ అని పెట్టండి, ఏది అయింది, ఏది కాలేదు, ఎందుకు కాలేదు. వరద బులెటిన్‌కు విలువ వచ్చేది తరువాతి బులెటిన్ వల్లనే కదా, పెరుగుతోందా తగ్గుతోందా అన్నది అప్పుడే తెలుస్తుంది. రెండు మూడు లేఖలు ఇలా వెళ్లేసరికి ఆయనే తన విభాగం పనులు ఆ పేరాలో చేర్చమని చీటీ పంపుతారు. మా డీన్ ఒకాయన పంపారు.

మీ మొదటి లేఖ జూన్‌లో వెళుతుందన్నారు. జనవరి లేఖలోని మొదటి పేరా ఇప్పుడే రాసిపెట్టుకోండి: ‘మంచినీటి చెరువు పూడిక తీతకు ......... తేదీన టెండరు పిలిచాం. పని ......... తేదీన మొదలవుతుంది.’ ఖాళీలు అలాగే ఉంచి, ఒక ప్రతి ఈ వారమే ఇంజినీరింగు విభాగానికి పంపి, అందినట్టు సంతకం తీసుకోండి.